మూలికల మౌత్‌వాష్‌లు: ఏది కొనాలి, ఏది ఇంట్లో కాచుకోవాలి, ఏది పక్కన పెట్టాలి

వేపాకును నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు మరిగిస్తే వచ్చేది పసుపు కలిసిన గోధుమరంగు. చిలకపచ్చగా అస్సలు ఉండదు. షాపు అరల్లో వేపకొమ్మ బొమ్మతో కనిపించే మౌత్‌వాష్‌లేమో చాలావరకు చిలకపచ్చగా మెరుస్తుంటాయి. ఆ పచ్చదనం ఆకుది కాదు, కలిపిన రంగుది. సీసా వెనక దినుసుల జాబితా చివర్లో ‘సీఐ’ అన్న అక్షరాల పక్కన ఐదంకెల నంబరు ఉంటే అదే ఆ రంగు. రంగు వేసినంత మాత్రాన సరుకు చెడ్డదని కాదు. కానీ ముందువైపు బొమ్మ చూసి కాకుండా, వెనకవైపు చిన్న అక్షరాలు చదివి కొనాల్సిన వస్తువు ఇది.

ముందే తేల్చి చెబుతున్నాం. చిగుళ్ళ వాపుకీ, నోటి వాసనకీ మంచి మూలికా మౌత్‌వాష్ నిజంగా పనికొస్తుంది. పిప్పిపళ్ళను ఆపడంలో దాదాపు ఏమీ చేయలేదు. గారను కరిగించడం ఏ మౌత్‌వాష్ వల్లా కాదు. చిగుళ్ళ కోసమైతే తాజాగా కాచిన త్రిఫల కషాయం చాలా సీసాలకన్నా మేలు. సీసానే కావాలనుకుంటే వాము, తమలపాకు, పుదీనా లాంటి ఘాటు నూనెలున్నవి ఎంచుకోండి. నిమ్మరసం, నేరుగా లవంగ నూనె, వేప నూనె, ఈ మూడింటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఎందుకో కింద ఒక్కొక్కటే చెబుతాం.

పుక్కిలించడం ఎంతవరకు పనిచేస్తుంది

పొద్దున లేవగానే పంటి మీద గోరు పెట్టి గీస్తే తెల్లగా మెత్తగా వచ్చేది పాచి. అది ఉత్త మురికి కాదు. సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు అల్లుకుని పంటిని పట్టుకున్న పొర. మౌత్‌వాష్ ఆ పొర పైభాగాన్నీ, లాలాజలంలో తేలే జీవుల్నీ దెబ్బతీస్తుంది కానీ జిగురు లోపలికి పెద్దగా చొరబడదు. అందుకే బ్రష్షుతోనో పందుంపుల్లతోనో ఆ పొరను ముందు చెదరగొట్టాలి. బ్రష్ చేయకుండా పుక్కిలిస్తే మకిలి పట్టిన గిన్నె మీద సబ్బునీళ్ళు పోసి వదిలేసినట్టే.

పాచిని తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం చేరి రెండు మూడు రోజుల్లో గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. కింది ముందుపళ్ళ వెనకవైపు నాలుకతో ఒకసారి తడిమి చూడండి. గరుకుగా, మెట్టులాగా తగిలితే గార పట్టినట్టు. నాలుక కింది లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి గార ముందుగా చేరే చోటు అది. పై దవడ పళ్ళకు బుగ్గవైపు కూడా అంతే. అక్కడ గార ఉంటే ఎంత ఖరీదైన సీసా కొన్నా చిగుళ్ళ రక్తం ఆగదు. ముందు డెంటిస్టు దగ్గర స్కేలింగ్ (గారను గీకి తీయడం) చేయించుకోవాలి, మౌత్‌వాష్ ఆ తర్వాతి మాట.

పోల్చి చూడటానికి ఒక కొలబద్ద ఉండాలి కదా, డెంటిస్టులు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను తీసుకుందాం. మన దగ్గర ఎక్కువగా దొరికేది 0.2 శాతం ద్రావణం. పాచిని తగ్గించడంలో దాన్ని మించింది ఇప్పటికీ లేదు. కానీ రెండు మూడు వారాలు వాడితే పళ్ళు, నాలుక గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి తేడాగా తగులుతుంది, గార కూడా త్వరగా పడుతుంది. అందుకే సర్జరీ తర్వాతో, చిగుళ్ళు బాగా వాచినప్పుడో కొద్ది రోజులకే రాస్తారు. మూలికల మౌత్‌వాష్‌లకు అసలు చోటు ఇక్కడే ఉంది: ఆ కోర్సు అయిపోయాక, లేదా అంత ఘాటు మందు అవసరం లేని మామూలు చిగుళ్ళ వాపుకి. మూలికల మీద మన దేశంలో జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, కొన్ని వారాలకే పరిమితమైనవి. త్రిఫల మీద వచ్చిన ఫలితాల్లో కొన్ని క్లోర్‌హెక్సిడిన్‌కు దగ్గరగా ఉన్నాయి. ఆశ పెట్టుకోవడానికి అవి చాలు. అయినా డాక్టరు రాసిన మందు ఆపేసి దీనికి మారేంత బలం వాటికి లేదు.

సీసాల సంగతి

మెడికల్ షాపుల్లో సులువుగా దొరికే ఆయుర్వేద మౌత్‌వాష్ హిమాలయా వారి హియోరా. ఇందులో పీలు, తానికాయ, తమలపాకు సారాలు ఉన్నాయి. వాటితోపాటు గంధపుర తైలం, ఏలకులు, పిప్పర్మెంటు సత్వం, వాము సత్వం. పీలు అంటే మిస్వాక్ చెట్టు, చార్మినార్ దగ్గర కట్టలుగా అమ్మే పందుంపుల్లలు దానివే. ఈ కూర్పు మాకు నచ్చింది. తానికాయ వగరు చిగుళ్ళను బిగిస్తుంది. తమలపాకు, వాము సూక్ష్మజీవుల మీద పనిచేస్తాయి. ఒక్కో దినుసుకూ ఒక పని ఉంది, ఊరికే పేరు కోసం చేర్చింది కాదు. ఆల్కహాల్ లేదు కాబట్టి నోరు ఎండిపోయే షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకూ, నోట్లో పూత ఉన్నవాళ్ళకూ మంట తక్కువ.

లోపం వాసన దగ్గర ఉంది. గంధపుర తైలం అంటే వింటర్‌గ్రీన్ నూనె, నొప్పి బామ్‌ల వాసన అదే. కొందరికి మొదటి పుక్కిలికే కడుపులో తిప్పుతుంది. ఆ నూనెలోని మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు చుట్టం, కాబట్టి ఆస్పిరిన్ పడనివాళ్ళు ఆ నూనె ఉన్న ఏ సీసానూ వాడకూడదు. చిన్న పిల్లలు మింగితే ప్రమాదం, అందని చోట పెట్టాలి. రెండో లోపం సీసా పరిమాణం. 150 మి.లీ. సీసా కొని పూటకు 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు వాడితే ఎనిమిదో రోజుకు ఖాళీ. ఏ బ్రాండ్‌కైనా ఈ లెక్క వేయండి: ధరను మి.లీ. లతో భాగించి ఇరవైతో హెచ్చిస్తే ఒక రోజు ఖర్చు తేలుతుంది. చిన్న సీసాల ధర తక్కువగా కనిపించడం వెనక అసలు లెక్క అదే.

లిస్టరిన్‌ను ఎవరూ మూలికల సీసాగా అనుకోరు కానీ దాని పుట్టుక అక్కడే. 1879 నాటి ఆ కూర్పులో పనిచేసేవి నాలుగు: థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్, మిథైల్ శాలిసిలేట్. థైమాల్ మరేదో కాదు, మన పచారీ కొట్టులో ‘వాము పువ్వు’ అని అడిగితే ఇచ్చే తెల్లటి స్ఫటికాలు. మెంథాల్ పుదీనా పువ్వు. ఇప్పుడు ఇవి ఫ్యాక్టరీలోనూ తయారవుతాయి కాబట్టి ‘పూర్తిగా మొక్కలది’ అని చెప్పలేం. కానీ మొక్కల నూనెలు పాచి మీద పనిచేస్తాయా అన్న ప్రశ్నకు అన్నిటికన్నా ఎక్కువ పరీక్షలు జరిగింది దీని మీదే, అందులో నెలల తరబడి నడిచినవీ ఉన్నాయి. పాచి విషయంలో క్లోర్‌హెక్సిడిన్ కన్నా ఒక మెట్టు కిందే. చిగుళ్ళ వాపు విషయంలో మాత్రం తేడా పెద్దగా కనిపించలేదు. 1987లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ తన ముద్ర కూడా ఇచ్చింది.

అందులో థైమాల్ 0.064 శాతం. అంటే లీటరుకు అర గ్రాము పైచిలుకు, అంతే. అయినా అసలు కూర్పులో ఆల్కహాల్ 20 శాతం దాటి ఉంటుంది, ఎందుకంటే ఈ నూనెలు నీళ్ళలో కరగవు. నోటి మంటంతా చాలావరకు ఆ ఆల్కహాల్ వల్లే. ఆల్కహాల్ లేని రకంలో దాని బదులు నూనెను నీళ్ళలో కలిపి ఉంచే నురుగు పదార్థాలు వాడతారు. నోరు ఎండేవాళ్ళు, నోటిపూత తరచూ వచ్చేవాళ్ళు, తాగుడు మానే ప్రయత్నంలో ఉన్నవాళ్ళు ఆల్కహాల్ లేనిదే తీసుకోవాలి.

లేబుల్‌లో చూడాల్సినవి

ఆయుర్వేద ఔషధంగా అమ్మే సీసా మీద ఆ మాట, తయారీ లైసెన్సు నంబరు, ఏ మూలిక ఎంత పాళ్ళలో ఉందో రాసి ఉండాలి. ఇలా మిల్లీగ్రాముల్లో రాసినదానికీ, ‘వేప, తులసి, లవంగాల గుణాలతో’ అని ఊరించి వదిలేసినదానికీ చాలా తేడా. రెండో రకంలో దినుసుల వరుస చూడండి: నీళ్ళు, సార్బిటాల్, గ్లిజరిన్, నురుగు పదార్థం, నిల్వ పదార్థం, సువాసన, ఆ తర్వాత ఎక్కడో చివర వేప సారం. అది తీపి నీళ్ళలో వేపను చూపించి తీయడం. సార్బిటాల్, జైలిటాల్ తీపి పళ్ళను పుచ్చబెట్టదు కాబట్టి వాటికి భయపడక్కర్లేదు. తేనె, బెల్లం, చక్కెర పేర్లు కనిపిస్తే మాత్రం పక్కన పెట్టేయండి. సోడియం లారిల్ సల్ఫేట్ అనే నురుగు పదార్థం ఉన్నది నోటిపూత తరచూ వచ్చేవాళ్ళకు సరిపడకపోవచ్చు.

చాలామంది పట్టించుకోని విషయం పులుపు. మూలికా సీసాలు చెడిపోకుండా సోడియం బెంజోయేట్ వేస్తారు. అది గట్టిగా పనిచేసేది ద్రవం పుల్లగా ఉన్నప్పుడే, అంటే పులుపును కొలిచే పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నాలుగున్నర చుట్టుపక్కల గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటేనే. అందుకే జాబితాలో బెంజోయేట్ పక్కనే సిట్రిక్ ఆమ్లం కనిపిస్తుంటుంది. పంటి పైపొర ఎనామిల్ అయితే పీహెచ్ 5.5 కన్నా దిగితే మెత్తబడటం మొదలుపెడుతుంది. అరనిమిషం పుక్కిలికి ఆరోగ్యంగా ఉన్న నోటికి ఏమీ కాదు, లాలాజలం వెంటనే సర్దేస్తుంది. లాలాజలం తక్కువున్నవాళ్ళకీ, పళ్ళు అరిగి జివ్వుమనేవాళ్ళకీ ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతే. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో పీహెచ్ కాగితాల పుస్తకం దొరుకుతుంది. ఒక ముక్క చింపి, సీసా మూతలో పోసిన మౌత్‌వాష్‌లో ముంచి తీసి, రంగును అట్టమీది రంగులతో పోల్చడమే. రంగు వేసిన మౌత్‌వాష్ అయితే కాగితం కొంత తప్పు చూపిస్తుంది, అంచున ఊరిన తడి దగ్గర చూడండి. ఎలాంటి పుల్లటి మౌత్‌వాష్ వాడినా తర్వాత అరగంట దాకా బ్రష్ పట్టొద్దు.

ఇంట్లో కాచుకునేవి

త్రిఫలకు మా ఓటు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమపాళ్ళలో. మూలికల దుకాణంలో, హైదరాబాద్‌లో అయితే బేగంబజార్‌లో, ఎండు కాయలే కొని గింజలు తీసి దంచుకుంటే నమ్మకం. పొడి కొంటే రుచి చూడండి. ముందు వగరు, తర్వాత పులుపు, చివర్లో కొద్దిగా తీపి తగలాలి. మన్ను తిన్నట్టు చప్పగా ఉంటే గింజలతో సహా మరపట్టిందో, పాతబడిందో అయి ఉంటుంది.

పది గ్రాముల పొడికి, అంటే తలగొట్టిన మూడు టీస్పూన్లకు, 400 మి.లీ. నీళ్ళు. స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టకుండా సన్నటి మంట మీద 200 మి.లీ. అయ్యేదాకా కాచండి. ఇరవై నిమిషాల పని. మంట పెద్దదైతే పొంగి పొయ్యి మీద పడుతుంది, పొడి అడుగంటుతుంది. ఇనప మూకుడులో మాత్రం కాయొద్దు. వగరుకు కారణమైన టానిన్లు ఇనుముతో కలిస్తే కషాయం సిరాలా నల్లబడుతుంది, పూర్వం సిరా చేసిన పద్ధతే అది. ఆ నలుపు పళ్ళకూ పట్టుకుంటుంది. ఐరన్ సిరప్ తాగేవాళ్ళు కూడా సిరప్‌కూ ఈ పుక్కిలికీ మధ్య రెండు మూడు గంటలు వదలాలి.

వడకట్టడంలో చాలామంది తప్పు చేస్తారు. టీ వడపోత జాలీలో సన్న పొడి దిగిపోయి పళ్ళ సందుల్లో, చిగుళ్ళ అంచుల్లో ఇసుకలా చేరుతుంది. పాత నూలు పంచె ముక్క రెండు మడతలు వేసి వడకట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే వంచుకోండి. అడుగున ఒక వేలి మందం మడ్డి మిగులుతుంది, దాన్ని పారబోయండి.

గోరువెచ్చగా అయ్యాక 15 మి.లీ. నోట్లో పోసుకుని నిమిషం పాటు పళ్ళ సందుల్లోంచి నెట్టి లాగుతూ పుక్కిలించి ఉమ్మేయాలి. రోజుకు రెండుసార్లు చాలు. ఉమ్మిన రెండు నిమిషాలకు మంచినీళ్ళతో ఒకసారి పుక్కిలిస్తే మరక పట్టడం తగ్గుతుంది. ఏ రోజుది ఆ రోజు కాచుకోవడమే ఉత్తమం. ఫ్రిజ్‌లో మూతపెట్టిన గాజు సీసాలో రెండు రోజులు ఉంటుంది, మూడో రోజు వద్దు. నిల్వ మందు లేదు, పైగా కాయల్లోని చక్కెరలు బూజుకు మేత. మే నెల ఎండల్లో బయట పెడితే సాయంత్రానికే పైన సన్నటి పొర కడుతుంది, వాసన పులిసిన గంజిలా మారుతుంది. అలాంటిది మళ్ళీ మరిగించి వాడొద్దు, పారబోయాల్సిందే.

వారం పది రోజుల్లో చిగుళ్ళ అంచుల ఎరుపు తగ్గి, బ్రష్ మీద రక్తం చార పలచబడాలి. రెండు వారాలకూ మార్పు లేకపోతే కింద చాలావరకు గార ఉన్నట్టే, కషాయం తప్పు కాదు. ఇక దీని ఇబ్బందులు: త్రిఫల కూడా పుల్లనిదే, టానిన్ల మరక కూడా ఉంది. క్లోర్‌హెక్సిడిన్ వాడుతున్న రోజుల్లో దీన్ని కలపొద్దు, రెండు మరకలూ జతకడతాయి. టీ, కాఫీలకు కూడా అదే వర్తిస్తుంది. ముందుపళ్ళకు పంటి రంగు ఫిల్లింగ్ ఉన్నవాళ్ళు నెల రోజులకు మించి ఆపకుండా వాడకపోవడం మంచిది, ఫిల్లింగ్ రంగు మారితే మామూలు పాలిష్‌తో పోకపోవచ్చు. పులుపు విరగడానికని కషాయంలో వంటసోడా వేస్తారు కొందరు. వేసిన నిమిషంలో అది ఇంకా ముదురు రంగుకు తిరుగుతుంది, మరక రెట్టింపు.

జామాకు తేలికైనది, నోటిపూతకూ వాసనకూ బాగుంటుంది. ఐదారు లేత ఆకులు కడిగి చేత్తో చించి, గ్లాసు నీళ్ళలో ఏడు నిమిషాలు మరిగించి వడకడితే చాలు. ముదురు ఆకులతో చేస్తే నోరంతా బిగుసుకుపోయేంత వగరు. పిల్లలకు చేదు లేకుండా నడిచేది ఇదొక్కటే, అది కూడా ఉమ్మడం బాగా వచ్చిన ఆరేళ్ళ తర్వాత.

వేప గురించి చెప్పాలంటే, పందుంపుల్లగా వాడినప్పుడు దానికున్న బలం నీళ్ళలో మరిగించినప్పుడు లేదు. పుల్ల నమిలితే పీచు పాచిని ఊడ్చేస్తుంది, రసం చిగుళ్ళకు తగులుతుంది. ఆకు కషాయంలో మిగిలేది రసం మాత్రమే. పది పదిహేను ఆకులు 250 మి.లీ. నీళ్ళలో ఐదు నిమిషాలు చాలు. ఎక్కువ మరిగిస్తే చేదు పెరుగుతుంది తప్ప లాభం లేదు, తర్వాత తినే అన్నం కూడా చేదుగా తగులుతుంది. ఆకు ఎక్కడిదో చూసుకోండి. రోడ్డు పక్క దుమ్ము, పురుగుమందు పడిన చేనిగట్టు చెట్లు వద్దు. 2021, 2022లో తెలంగాణలో కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయే తెగులు వేపచెట్లను చుట్టేసింది. అలా ఎండుతున్న చెట్టునుంచి పుల్లా, ఆకూ కోయకూడదు. వేప నూనె నోట్లో వేయడం పూర్తిగా వేరే విషయం. చిన్నపిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు వచ్చిన ఉదంతాలు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి. వేప నూనెను మౌత్‌వాష్ దరిదాపుల్లోకి రానీయొద్దు.

లవంగాలు రెండు చితక్కొట్టి వేడినీళ్ళలో వేసి చల్లారాక పుక్కిలించండి, హాయిగా ఉంటుంది. లవంగ నూనె మాత్రం వద్దు. ఒక గ్లాసు నీళ్ళలో రెండు చుక్కలు వేసి గాజు గ్లాసులోంచి చూడండి: నూనె నీటికన్నా బరువు, కలవకుండా అడుగున చిన్న గోళీల్లా కూర్చుంటుంది. మొదటి మూడు పుక్కిళ్ళు ఉత్త నీళ్ళు, చివరి పుక్కిలిలో నూనెంతా ఒకేసారి నాలుకకు తగిలి కాల్చేస్తుంది. తెల్లగా మాడిన మచ్చ రెండు మూడు రోజులు తిననీయదు. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం కలిపితే నీరుగా మారే అమృతధారదీ ఇదే కథ. పైగా కర్పూరం మింగితే పిల్లలకు విషం.

పసుపు నీళ్ళు పెద్దగా ప్రయోజనం లేనివి. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, అడుగున పేరుకుంటుంది. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు పుక్కిలిస్తే క్లిప్పుల రబ్బర్లు ఒక్క రోజులో పచ్చబడతాయి. నిమ్మరసం, వెనిగర్ కలిపిన మౌత్‌వాష్‌లు వీడియోల్లో బాగా తిరుగుతున్నాయి. వాటివల్ల పళ్ళు తెల్లబడినట్టు కనిపించేది ఎనామిల్ కరగడం వల్ల. పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

నూనెతో పుక్కిలింత

ఆయుర్వేదంలో దీనికి రెండు పద్ధతులున్నాయి. నోరు కదలనీయనంత నిండుగా పోసి ఊరికే పట్టి ఉంచడం గండూషం. కొద్దిగా పోసి అటూ ఇటూ తిప్పడం కవలం. ఇప్పుడు ఆయిల్ పుల్లింగ్ అని చేసేది కవలమే. గానుగ నువ్వుల నూనె ఒక టేబుల్‌స్పూన్‌కు మించకుండా తీసుకుని, పరగడుపున పది నుంచి పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి. కొత్తవాళ్ళు ఒక టీస్పూన్‌తో ఐదు నిమిషాలు మొదలుపెట్టాలి, లేకపోతే దవడ కీలు నొప్పి పుడుతుంది. నూనె లాలాజలంతో కలిసి పలచబడి పాలలా తెల్లగా మారుతుంది. అది విషాలు బయటికి రావడం కాదు, నూనె చిన్న చిన్న బిందువులుగా చెదిరి నీళ్ళలో కలవడం, అంతే. పాచి, వాసన కొంత తగ్గుతాయి, నోరు ఎండేవాళ్ళకు చాలా హాయి. దీనివల్ల షుగరు, కీళ్ళ నొప్పులు తగ్గుతాయన్న ప్రచారాన్ని నమ్మొద్దు.

చిగుళ్ళు వదులైనవాళ్ళకు ఆయుర్వేద వైద్యులు ఇరిమేదాది తైలం ఇస్తారు. తుమ్మ జాతి బెరడు కషాయాన్ని నువ్వుల నూనెలో కాచి చేసేది. ఉత్త నూనె కన్నా దీని వగరు చిగుళ్ళకు తెలుస్తుంది. రోజూ కాకుండా వైద్యులు చెప్పినన్నాళ్ళు వాడాలి. నూనె ఏదైనా గొంతు లోపల గరగరలాడించొద్దు, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళకూ, పిల్లలకూ అసలు వద్దు.

ఎప్పుడు వాడాలి

బ్రష్ చేసిన వెంటనే పుక్కిలించడం అందరికీ అలవాటు, అదే పొరపాటు. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు ఉండాలి. ఫ్లోరైడ్ లేని మూలికా నీళ్ళతో వెంటనే కడిగేస్తే ఆ మేలు పోతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత మౌత్‌వాష్‌కు సరైన వేళ. ఇక క్లోర్‌హెక్సిడిన్ అయితే పేస్టు నురుగు దాన్ని పనిచేయనీయదు, కనీసం అరగంట ఎడం ఉండాలి.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద మచ్చలు పడే ఫ్లోరోసిస్ బాధను నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో చూసినవాళ్ళకు ‘ఫ్లోరైడ్ లేదు’ అన్న మాట ఇష్టంగా వినిపిస్తుంది. ఆ భయానికి కారణం ఉంది. కానీ ఆ మచ్చలు చిన్నతనంలో పన్ను దవడ లోపల తయారవుతున్నప్పుడు నీళ్ళతో మింగిన ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి. పెద్దవాళ్ళు పుక్కిలించి ఉమ్మేసేదాని వల్ల రావు. పళ్ళు త్వరగా పుచ్చిపోయే పెద్దవాళ్ళు 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్ గురించి డెంటిస్టును అడగండి. ఆ పని చేసే మూలిక లేదు. ఆరేళ్ళలోపు పిల్లలకు ఏ మౌత్‌వాష్ వద్దు.

నోటి వాసనకు సీసా కొనేముందు నాలుక బద్దతో నాలుక వెనకభాగం గీసి, బద్ద మీది తెల్లటి మడ్డిని వాసన చూడండి. వాసన అక్కడే ఉంటే మౌత్‌వాష్ ఖర్చు సగం తగ్గినట్టే, రోజూ బద్ద వాడితే చాలు. వెల్లుల్లి ఆవకాయ తిన్న తర్వాతి వాసన మాత్రం రక్తంలో కలిసి ఊపిరితో వస్తుంది కాబట్టి ఏ పుక్కిలికీ లొంగదు.

పన్ను పీకించుకున్న రోజు ఏదీ పుక్కిలించకూడదు, గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే భరించలేని నొప్పి. ఇరవైనాలుగు గంటల తర్వాత గ్లాసు గోరువెచ్చటి నీళ్ళకు అర టీస్పూన్ ఉప్పు చాలు. కషాయాల కోసం ఆ గుంట మానేదాకా ఆగాలి. రెండు వారాలకూ మానని పుండు, తుడిచినా పోని తెల్ల మచ్చ, గుట్కా అలవాటున్నవాళ్ళకు నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా మౌత్‌వాష్ మార్చి చూస్తూ రోజులు గడపొద్దు. ఆ వారంలోనే డెంటల్ కాలేజీ ఆసుపత్రికైనా వెళ్ళి చూపించుకోవాలి.

కొన్న సీసా మూత తీసిన రోజు తేదీని పెన్నుతో దాని మీదే రాసి పెట్టండి. సీసాకు నోరు పెట్టి తాగినట్టు పోసుకోవద్దు, మూతలో వంచుకోండి, ఆ మూతను కడిగి ఆరాకే బిగించండి. కొంచెం మడ్డి దిగడం మూలికా సీసాకు సహజం, ఊపితే కలిసిపోతుంది. ఊపినా కలవకుండా దారాల్లా తేలినా, వాసన మారినా, ముద్రించిన గడువు ఇంకా ఎన్ని నెలలున్నా సరే సింకులో పోసేయండి. ఆయిల్ పుల్లింగ్ నూనె మాత్రం సింకులో ఉమ్మొద్దు. నువ్వుల నూనె బదులు కొబ్బరి నూనె వాడితే అది చలికాలంలో పైపులోనే గడ్డకట్టి నీళ్ళు ఆపేస్తుంది. పాత కాగితంలో ఉమ్మి చెత్తబుట్టలో వేయండి.